పాలు తోడుకోలేదా? ముందు ఇవి చూడండి

శ్రీకాకుళంలో పుష్యమాసం వచ్చిందంటే మా ఇంట్లో ఇదే గొడవ. రాత్రి తోడేసిన పాలు తెల్లారి మూత తీసి చూస్తే పాలలాగే ఊగుతుంటాయి.

సమస్య: తెల్లారినా తోడుకోలేదు

కారణం: ఎక్కువసార్లు చలే. తోడులోని బాక్టీరియా ఒక్కోటి కాస్త పెరిగి, మధ్యలో గోడ కట్టుకుని రెండుగా చీలుతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది. ఇలా పది విడతలు చీలితే ఒక్కటి కాస్తా 1,024. అవి పాలలోని చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి, ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి. పెరుగు బాక్టీరియాలో చాలావాటికి 40-45 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది. చలికి చచ్చిపోవు గానీ చీలడం బాగా నెమ్మదిస్తుంది.

పరిష్కారం: వాసన బాగుంటే పారబోయకండి. గిన్నెను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, తువ్వాలు చుట్టి మూడు నాలుగు గంటలు ఆగండి.

పాలు వేలు కాలేంత వేడిగా ఉండగా తోడేస్తే మాత్రం కథ వేరు. అప్పుడు తోడే చచ్చిపోతుంది. కాచినా చావని వేరే బాక్టీరియా బీజాలు కొన్ని పాలలో ఉంటాయి, రాత్రంతా వాటిదే రాజ్యం. ఆ గిన్నె నేనైతే వదిలేసుకుంటాను.

తోడు మరీ పాతదైనా ఆలస్యమే. తమ పులుపులోనే నలిగిన బాక్టీరియా కొత్త పాలలో సర్దుకోవడానికి టైమ్ తీసుకుంటాయి. నిన్నటి పెరుగు వాడండి.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా తోడుకోవు

అదే తోడు ప్యాకెట్ పాలలో వేసి చూడండి. అవి తోడుకుంటే లోపం ఇంటికొచ్చే పాలదే. మాకోసారి ఇలాగే అయితే పాలాయన్ని అడిగాను, "బాబూ, ఆవుకి సూదేయించేరా?" అని. "ఔనమ్మా, మొన్న పొదుగు వాచింది" అన్నాడు. ఆ సూదిలోని యాంటీబయాటిక్ (బాక్టీరియాను చంపే మందు) పాలలోకి దిగితే తోడును కూడా ఎదగనివ్వదు. పశువుల డాక్టరు చెప్పిన రోజులు గడిచేదాకా ఆ పాలు తీసుకోకండి.

సమస్య: ఎండాకాలం మధ్యాహ్నానికే పులుపు

గడ్డకట్టాక కూడా బాక్టీరియా పని ఆపదు. తోడు తగ్గించండి, గడ్డకట్టగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

సమస్య: గరిటెకు తీగలు సాగుతోంది

జిగురు వదిలే బాక్టీరియా తోడులో చేరాయి. చెడు వాసన, రంగు మార్పు ఉంటే పారబోయండి. లేకపోయినా ఆ తోడు ఇక వాడొద్దు, పక్కింట్లో ఓ చెంచా అడిగి తెచ్చుకోండి. గిన్నె, గరిటె మరిగే నీళ్లతో కడగండి. కవ్వాన్ని కూడా, అందరూ మరిచిపోయేది దాన్నే.