కామిక్స్ రాద్దాం, పాఠం 4: మొదటి సంచికలో తెర తీయడం

ప్యానెళ్లు (బొమ్మల గళ్లు), మాటల బుడగల సంగతి పోయిన పాఠాల్లో అయిపోయింది. ఇప్పుడు మొదటి సంచిక. అదీ పాత హీరోకి మళ్లీ ఒకటో నంబరు వేసి మొదలుపెట్టేది. కొత్తవాణ్ని పుట్టించడం కన్నా ఇదే కష్టం.

2011లో అమెరికా కామిక్స్ కంపెనీ డీసీ వాళ్లు ఒకేసారి 52 పుస్తకాలను ఒకటో నంబరుతో తెచ్చారు. 1938 నుంచి నడుస్తూ 904వ సంచిక దాకా వచ్చిన సూపర్‌మ్యాన్ పుస్తకం యాక్షన్ కామిక్స్ కూడా వాటిలో ఉంది. ఆ పుస్తకం కొనే ఇద్దరిలో ఒకడికి సూపర్‌మ్యాన్ గోత్రనామాలతో సహా తెలుసు, రెండోవాడికి చొక్కా మీది గుర్తు తప్ప ఏమీ తెలియదు. ఇద్దరికీ అవే పేజీలు.

మన వీధినాటకం వాళ్లకు ఈ చిక్కు కొత్తేమీ కాదు. దుర్యోధనుడెవరో ఊరందరికీ తెలుసు. అయినా ఇద్దరు తెర పట్టుకోవాల్సిందే. దాని వెనక గజ్జెలు మోగాలి, పైన కిరీటం కనబడాలి, ఆ తర్వాతే ప్రవేశ దరువు, అంటే పాత్ర వస్తూ పాడే పాట. తెలిసినవాడు ఆ రాక కోసం కూర్చుంటాడు. తెలియనివాడికి పేరూ గుణమూ పాటలోనే దొరికిపోతాయి.

2011లోనే వచ్చిన బ్యాట్‌మ్యాన్ మొదటి సంచిక తీయండి. రచన స్కాట్ స్నైడర్, బొమ్మలు గ్రెగ్ కపుల్లో. విందులో బ్రూస్ వేన్ (ముసుగు లేనప్పుడు బ్యాట్‌మ్యాన్ పేరు) కంట్లో ఒక లెన్సు ఉంటుంది. ఎదుట నిలబడ్డవాళ్ల పేర్లు అందులో కనబడతాయి. ‘ఇతను ఫలానా’ అని పెట్టెలు కట్టి రాయడం నాకు గిట్టదు, అది పెళ్లిలో చుట్టాల్ని పరిచయం చేసినట్టు ఉంటుంది. ఇక్కడ మాత్రం ఒప్పుకున్నాను. ఆ పెట్టె రచయితది కాదు, హీరో పనిముట్టు. పేర్లు తెలియడంతో పాటు వీడు మనుషుల్ని ఎలా చూస్తాడో కూడా తెలిసిపోయింది.

హీరోలు జట్టుకట్టే జస్టిస్ లీగ్ మొదటి సంచిక సంగతి వేరు. అట్ట మీద ఏడుగురు, లోపల కథంతా దాదాపు ఇద్దరిదే. డబ్బులిచ్చి కొన్నవాళ్లు గొణిగారంటే తప్పు లేదు. కానీ ఒక చోట ఉంగరంతోనే బలం వచ్చే గ్రీన్ లాంతర్ నీకేం శక్తులున్నాయని ఆరా తీస్తుంటే, బ్యాట్‌మ్యాన్ అతని వేలి ఉంగరమే లాగేసుకుంటాడు. ఒకడి బలం, ఇంకొకడి బుర్ర, ఇద్దరి మధ్య గీర, అన్నీ ఆ ఒక్క ఉంగరంలో వచ్చేశాయి.

మరి పాత కథ ఎంత చెప్పాలి? 2005లో రచయిత గ్రాంట్ మారిసన్, చిత్రకారుడు ఫ్రాంక్ క్వైట్లీ మొదలుపెట్టిన ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్‌లో ఆయన పుట్టుక మొత్తం ఒక్క పేజీ. నాలుగు ప్యానెళ్లు, ఇంగ్లీషులో ఎనిమిది మాటలు. నేను మొదటిసారి రాసినప్పుడు హీరో తాత కథతోనే ఆరు పేజీలు నింపాను. మా తమ్ముడు నాలుగో పేజీలో ఆపి, “ఇంతకీ ఈయప్ప ఏం చేస్తాడన్నా?” అన్నాడు. ఆ ఆరు పేజీలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

ఇక మన పని. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతకడం కర్నూలు జిల్లాలో ఎవరికైనా తెలిసిందే. అక్కడ ఒక పేజీ వేద్దాం.

మొదటి ప్యానెల్: ఎర్రటి చేను, వంగిన నడుములు, మధ్యలో నిటారుగా ఒక్క అమ్మాయి.
రెండు: ఆమె కళ్లు మాత్రమే. చూపు నేల మీద ఒకే చోట నిలిచింది.
మూడు: పక్క సాలులో ముసలామె, ఖాళీ దోసిలి, కొంగున కట్టిన సగం రొట్టె.
నాలుగు: అమ్మాయి కాలి బొటనవేలు మట్టిగడ్డను అటు నెట్టింది. గడ్డ పగిలిన చోట చిన్న మెరుపు.
ఐదు: గట్టు మీద మోటార్ సైకిల్. దానిమీది మనిషి రాయిని కాదు, ఆమె కాలిని చూస్తున్నాడు.

ఒక్క మాటా రాయలేదు. మూడో ప్యానెల్‌లో రొట్టె తీసేసి చూడండి, నాలుగోదానిలో దయ పోయి గారడీ మిగులుతుంది. అందుకే ఆ రొట్టె మీద నేను గంట కూర్చున్నాను.

మీ అభ్యాసం: మీ ఊళ్లో, మీ హీరోతో, మాటల్లేకుండా ఇలాంటి ఐదు. కామిక్స్ ముఖం చూడని పెద్దవాళ్లెవరికైనా చూపించి, “ఈమెకు ఏం వచ్చు?” అని అడగండి. జవాబు తప్పితే బుడగ అతికించకండి, రెండో ప్యానెల్ మళ్లీ గీయండి.

గట్టు మీది మనిషి సంగతి వచ్చే పాఠంలో.