ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి: ఏది కొనాలి, పదును ఎలా నిలబెట్టాలి

కత్తి గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది ముందే ఒకటి మనసులో పెట్టుకుని వస్తారు. ఏడంగుళాల బ్లేడు, ఆరు మిల్లీమీటర్ల మందం, వీపు మీద రంపం పళ్లు. చూడ్డానికి భయంకరంగానే ఉంటుంది, కాదనను. దాంతో ఒక పుల్ల చెక్కి చూడండి, సంగతి తెలిసిపోతుంది. మందం బ్లేడు చెక్కలోకి సాఫీగా దిగదు, పక్కలకు చీల్చుకుంటూ పోతుంది. ఇక ఆ రంపం పళ్లు కర్రలో ఇరుక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. పైగా చెక్కేటప్పుడు బొటనవేలు ఆనించాల్సింది సరిగ్గా అక్కడే.

క్యాంపుకైనా వేటకైనా 9 నుంచి 11 సెంటీమీటర్ల బ్లేడు, 2.5 నుంచి 4 మిల్లీమీటర్ల మందం చాలు. మొన చేతికి దగ్గరగా ఉంటేనే అది ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటే మడవని కత్తి. మడతకత్తికి ఉండే కీలు దీనికి లేదు కాబట్టి బ్లేడు ఊగదు, వేళ్ల మీదకు ముడుచుకోదు. నెత్తురు, కొవ్వు లోపల చేరి కంపు కొట్టే సందులూ ఉండవు.

ఆకారంలో నా ఓటు డ్రాప్ పాయింట్‌కే. వీపు మొన వైపు మెల్లగా కిందికి వాలి ఉంటుంది. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ చేసిన వేట కత్తులతో దీనికి బాగా పేరొచ్చింది. జంతువు పొట్ట తెరిచేటప్పుడు మొన పైకి లేచి ఉండదు కనుక పేగుకు గుచ్చుకునే ప్రమాదం తక్కువ. పేగు తెగిందంటే దాని చుట్టూ ఉన్న మాంసం పాడైనట్టే. బక్ కంపెనీ 119 లాంటి క్లిప్ పాయింట్ కత్తులు, అంటే మొన దగ్గర వీపును కోసేసినట్టు ఉండేవి, అందంగా ఉంటాయి, కానీ ఆ సన్నటి మొనతో దేన్నైనా పెకలించబోతే విరుగుతుంది.

పిడి లోపలికి వెళ్లే లోహాన్ని ట్యాంగ్ అంటారు. పిడి చివరిదాకా ఉంటే ఫుల్ ట్యాంగ్. బ్లేడు వీపు మీద కర్రతో కొట్టి కట్టెలు చీల్చే అలవాటుంటే అది తప్పనిసరి. లేకపోతే అంత పట్టింపు అక్కర్లేదు. స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్ ఫుల్ ట్యాంగ్ కాదు, అయినా చెక్కడంలో దానికంటే ఖరీదైనవాటిని సిగ్గుపడేలా చేస్తుంది. అదే కంపెనీ గార్‌బర్గ్ ఫుల్ ట్యాంగే.

స్టీలు గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు. నేను రెండు ప్రశ్నలే అడుగుతాను. వాడిన ప్రతిసారీ తుడిచి నూనె రాసే ఓపిక ఉందా? ఉంటే 1095 లాంటి కార్బన్ స్టీలు. అందులో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, పదును తేలిగ్గా ఎక్కుతుంది, తుప్పూ తేలిగ్గానే పడుతుంది. తడి ప్రాంతాల్లో తిరిగేవాళ్లకు 14సి28ఎన్ లాంటి స్టెయిన్‌లెస్ మేలు. రెండో ప్రశ్న, హీట్ ట్రీట్‌మెంట్, అంటే స్టీలును కాల్చి చల్లార్చి గట్టిపరిచే పని, ఎవరు చేశారు? బక్ వాడే 420హెచ్‌సీ కాగితం మీద సాదాసీదా స్టీలే. ఈ పనిలో నిపుణుడైన పాల్ బాస్ పద్ధతిలో చేసే హీట్ ట్రీట్‌మెంట్ వల్లే దానికంత పేరు. గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 56-58 ఉంటే దెబ్బలకు ఓర్చుకుంటుంది. 60 దాటితే పదును ఎక్కువకాలం నిలుస్తుంది గానీ, ఎముకకు తగిలినప్పుడు అంచు పెచ్చు లేచే అవకాశం పెరుగుతుంది.

ఇక సాన. చాలామందికి ఇక్కడే టెన్షన్. 1000 గ్రిట్ రాయి ఒకటి, 3000 పైబడినది ఒకటి, ఒక తోలు పట్టీ ఉంటే చాలు. గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. అంచు బాగా దెబ్బతింటేనే 400 రాయి తీయాలి. వేట కత్తికి ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల కోణం. బ్లేడును రాయి మీద నిలువుగా పెడితే 90, సగానికి వాలిస్తే 45, మళ్లీ సగానికి వాలిస్తే 22న్నర. ఆ దరిదాపుల్లో ఉంటే సరిపోతుంది, అయితే చివరిదాకా అదే కోణం నిలవాలి. చెయ్యి సరిగ్గా ఉందో లేదో మార్కర్ పెన్ను చెబుతుంది. అంచు పొడవునా సిరా పూసి, రాయి మీద రెండు మూడుసార్లు లాగి చూడండి. సిరా అంచు కొస దాకా చెరిగిపోతే కోణం కుదిరింది. కొసన మిగిలి పైన చెరిగితే వీపు మరీ వాలిపోయింది, కాస్త ఎత్తండి. కొసన మాత్రమే చెరిగితే ఎక్కువ ఎత్తేశారు.

ఒకే వైపు రుద్దుతూ ఉండండి, అవతలి వైపు బర్, అంటే అంచు దాటి మడిచిన సన్నటి లోహపు పొర, లేచేదాకా. వీపు నుంచి అంచు మీదుగా బయటికి బొటనవేలు జారిస్తే గరుకుగా తగులుతుంది. అంచు వెంబడి మాత్రం వేలు ఎప్పుడూ నడపకండి. పిడి దగ్గర్నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఆ గరుకు రావాలి. మొన దగ్గర వంపు వచ్చేసరికి పిడిని కొద్దిగా పైకి లేపాలి, లేదంటే అక్కడ రాయి తగలనే తగలదు. నా దగ్గరికి వచ్చే కత్తుల్లో ఎక్కువ వాటికి మొన మొద్దుగా ఉండేది ఇందుకే. తర్వాత తిప్పి రెండోవైపు. ఆపైన సన్నరాయి మీద ఒత్తిడి తగ్గిస్తూ, వైపులు మారుస్తూ పోండి. చివర్న క్రోమియం ఆక్సైడ్ పేస్టు రాసిన తోలు మీద వీపు ముందు, అంచు వెనక ఉండేలా లాగండి. మోరా కత్తుల్లో లాగా అంచు దాకా ఒకే వెడల్పాటి వాలు ఉండే స్కాండి గ్రైండ్ అయితే కోణం లెక్కే అక్కర్లేదు, ఆ వాలు (బెవెల్) మొత్తాన్ని రాయికి ఆనించడమే.

మోటారు గ్రైండర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. కార్బన్ స్టీలు కత్తులకు సాధారణంగా 200 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చేస్తారు. అంచు నీలం రంగు తిరిగిందంటే వేడి 300 దరిదాపులకు వెళ్లిందని అర్థం. అక్కడ స్టీలు మెత్తబడిపోయింది, నీళ్లలో ముంచినా ఆ గట్టిదనం తిరిగి రాదు.

వాడేటప్పుడు రెండే జాగ్రత్తలు చెబుతాను. కూర్చుని చెక్కుతుంటే కత్తి తొడల మధ్యకు రాకూడదు. తొడ లోపలివైపు పెద్ద ధమని ఉంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మోకాళ్లకు అవతల చెక్కండి. చెయ్యి చాపి చుట్టూ తిప్పితే తగిలేంత దూరంలో ఎవరూ లేకుండా చూసుకోండి. కత్తి వెంట తీసుకెళ్లడం, వేటాడడం రెండింటి మీదా ఒక్కోచోట ఒక్కో చట్టం ఉంటుంది, బయల్దేరేముందే కనుక్కోండి.

పని అయ్యాక కడిగి, బాగా ఆరనిచ్చి, మినరల్ ఆయిల్ పల్చగా రాయండి. వంటనూనెలు కొన్నాళ్లకు జిగురుకడతాయి. కార్బన్ స్టీలు మీద బూడిదరంగు మరకలు వస్తే కంగారుపడొద్దు, అది తుప్పును కొంత అడ్డుకునే పొరే. ఎర్రగా కనిపిస్తే మాత్రం వెంటనే తుడిచేయండి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి దాచకండి, తోలు తేమ పీల్చుకుంటుంది. ఇంట్లో ఒర వేరు, కత్తి వేరు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒరకు తేమ బాధ లేదు గానీ లోపల ఇసుక చేరితే తీసి పెట్టిన ప్రతిసారీ బ్లేడు మీద గీతలు పడతాయి. అప్పుడప్పుడూ బోర్లించి తట్టి, నీళ్లతో కడిగి, ఆరాకే కత్తి పెట్టండి.