కాన్వీలో బస్సు దిగగానే

ఉత్తర వేల్స్ కోటల బస్సు టూరుకి వెళ్తున్నారా? కాన్వీలో ఆపేది మహా అయితే రెండు గంటలు. దిగగానే కాఫీకి పోకండి, కాళ్లలో సత్తువ ఉండగానే బురుజులెక్కేయండి. 1283లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ మొదలుపెట్టిన కోట ఇది. లోపలి మెలికల మెట్లు బాగా ఇరుకు, వాన పడితే జారతాయి. అమ్మానాన్నలు వెంట ఉంటే చెప్పులు వద్దే వద్దు, పట్టున్న బూట్లు వేయించండి.

ఆ తర్వాత ఊరి చుట్టూ 1.3 కిలోమీటర్ల ప్రాకారం ఉంది, దాని మీద నడకకి టికెట్ లేదు. చాలామంది ఇది వదిలేసి బస్సెక్కేస్తారు, అయ్యో అనిపిస్తుంది. పడమటి కొసన అన్నిటికన్నా ఎత్తైన బురుజు దగ్గర ఆగి వెనక్కి తిరగండి: నల్లటి పలకరాతి ఇళ్ల కప్పులు, వాటి వెనక ఎనిమిది బురుజుల కోట, ఆ పక్కనే నది. నాకైతే కోట లోపలికన్నా ఇదే ఎక్కువ నచ్చింది.