అరిగిన శాసనాలకు పక్క వెలుతురు
ఆర్మేనియాలోని లోరి ప్రాంతంలో కోబైర్ మఠ శిథిలాల్లో ఆర్మేనియన్, జార్జియన్ శాసనాలు రెండూ ఉన్నాయి. నడినెత్తి ఎండలో ఇలాంటి అరిగిన చెక్కడాలు కంటికి ఆనవు, ఫొటోలో అసలే రావు. ఒకరు గొడుగుతో రాతిమీద నీడ పట్టండి. మరొకరు ఫోను టార్చిని అడుగు దూరం నుంచి, గోడకు దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేయండి. ఎదురుగా వేస్తే కనిపించేది కూడా పోతుంది. పక్కనుంచి అయితే అక్షరాల గాడిలో నీడ పడి గీతలు తేలుతాయి. టార్చిని ఎడమనుంచి వేసి ఒకటి, పైనుంచి వేసి ఒకటి ఫొటో తీసుకోండి. నిలువుగీతలు, అడ్డగీతలు రెండూ దొరుకుతాయి. ఖచ్కార్లకూ (శిలువ చెక్కిన రాతిఫలకాలు) ఇదే పద్ధతి. పాచి దట్టంగా కప్పేసిన రాతికి, బలిపీఠం వైపు కుడ్యచిత్రాలకు మాత్రం పనిచేయదు. పాచిని గోకడం, సుద్దముక్క రుద్దడం అసలు వద్దు, రాయి పాడవుతుంది.