ఇంట్లో స్నిగ్ధత కొలుద్దాం – 5: చిక్కబడితే దశ మారినట్టేనా?

స్నిగ్ధత అంటే ద్రవం చిక్కదనం; దశ మారడమంటే ద్రవం గడ్డకట్టడం, గడ్డ కరగడం లాంటివి. పోయిన పాఠంలో సిరంజిలో కొబ్బరినూనె పోసి, 20 గీత నుంచి 5 గీత దాకా కారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడమన్నాను. చాలామంది రాసింది ఒకటే: "32 డిగ్రీల దగ్గర టైమ్ పెరిగింది సార్, దశ మారింది."

మారలేదు. "టైమ్ పెరిగితే చెప్పండి" అన్నది నేనే కాబట్టి తప్పులో సగం నాది.

ఆముదం సంగతి చూడండి. మన నల్లగొండ, పాలమూరు చెల్కల్లో పండే పంటే కదా. దాని స్నిగ్ధత 40 డిగ్రీల దగ్గర సుమారు 231 మిల్లీపాస్కల్ సెకన్లు (ఇది స్నిగ్ధతకు కొలమానం, టైమ్ కాదు), 30 దగ్గర 451, 20 దగ్గర 986, 10 దగ్గర 2420. నాలుగు లెక్కల్లోనే పదింతలు దాటింది, అయినా అది ద్రవమే. కారే సెకన్లకు లాగ్ (సంవర్గమానం) తీసి ఉష్ణోగ్రతకు ఎదురుగా గీస్తే గీత మెల్లగా వంగుతుందే తప్ప ఎక్కడా విరగదు. దశ మారితే గీత అక్కడ విరుగుతుంది, మనకు కావలసింది ఆ విరుపు. కొబ్బరినూనెకు అది 24 డిగ్రీల చుట్టుపక్కల కనిపించాలి.

ఇక నాకు చిరాకు తెప్పించేది థర్మామీటర్. దాన్ని సిరంజిని చల్లబరిచే బయటి నీళ్లలో పెట్టి నూనె ఉష్ణోగ్రత అని రాస్తున్నారు! ఐస్ ముక్క వేయగానే నీళ్లు చల్లబడతాయి, నూనె ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైగా గడ్డకట్టేటప్పుడు నూనె వేడి విడుస్తుంది, కాబట్టి నీళ్ల ఉష్ణోగ్రత దిగుతూ పోతున్నా నూనెది అక్కడే నిలబడుతుంది. 20 గీత పైదాకా నూనె పోసి, థర్మామీటర్ నూనెలోనే ముంచండి. అంకె రెండు నిమిషాలు కదలకుండా ఉంటే రాసుకోండి. థర్మామీటర్ తీసేసి అప్పుడు నూనె వదలండి. నేనైతే ఐస్ జోలికే పోను. జనవరిలో తెల్లవారుజామున వరండాలో పెడితే చాలు, పొద్దెక్కేకొద్దీ అదే వేడెక్కుతుంది.

గడ్డ రేణువు సిరంజి ముక్కులో ఇరుక్కుంటే ఆ రీడింగ్ కొట్టేయండి.

గంధకం ఈ నూనెలకు తలకిందులు. కరిగిన గంధకాన్ని వేడి చేస్తుంటే 159 డిగ్రీలు దాటగానే ఒక్కసారిగా చిక్కబడుతుంది. ఎనిమిదేసి పరమాణువుల వలయాలు తెగి పొడవాటి గొలుసులవుతాయి. ఇది ఇంట్లో చేయొద్దు, పొగ మంచిది కాదు.

అభ్యాసం: 30 నుంచి 22 దాకా అర డిగ్రీకొకసారి, ఒక్కోచోట మూడుసార్లు. చల్లబరుస్తూ ఒక వరస, వేడెక్కిస్తూ ఇంకో వరస. మొత్తం 102 రీడింగులు. నూనె కారడం ఆగిపోయిన చోట "కారలేదు" అని రాయండి. రెండు వరసల్లో విరుపు ఒకేచోట రాకపోతే కంగారుపడి దిద్దకండి, ఉన్నది ఉన్నట్టే పంపండి. ఆ తేడా మీదే ఆరో పాఠం.