ఒక అత్తం, వారం రోజులు: అరటి ఎవరు ఎప్పుడు తినాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి బజార్లలో అరటి కొనేటప్పుడు ముందు పేరు తేల్చుకోండి. ఒడియా దుకాణదారు ‘బంతల’ అన్నాడంటే అది మన బొంతలాంటి కూరకాయ. పండుకైతే పాటకపురా, చంపా అడగండి, లేదా మన కర్పూరం, అమృతపాణి. ఏ రకమైనా ముదిరిన పచ్చి అత్తమే (గెలలో ఒక హస్తం) తీసుకోండి. కాయ మీది కోణాలు అరిగి గుండ్రంగా తిరిగి ఉండాలి. కోణాలు నిక్కి ఉంటే లేతగా కోసేశారని అర్థం. అది పసుపు తిరిగినా చప్పగానే ఉంటుంది.

పచ్చి అత్తమే ఎందుకంటే, మాగబెట్టే పని మన చేతిలో ఉంటుంది. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువుకి పరిమితుల మేరకు అనుమతి ఉంది. బజార్లో పండు రంగు చూసి ఏది వాడారో ఎవరూ తేల్చలేరు. ఇంట్లో అయితే గోనెసంచిలో అత్తంతో పాటు బాగా పండిన పండొకటి పెట్టి మూతి కట్టండి. ఆ పండు వదిలే ఇథిలీనే మిగతావాటిని మూడు నాలుగు రోజుల్లో మాగిస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు: 13 డిగ్రీల లోపు చలి తగిలితే తొక్క నల్లబడుతుంది, పచ్చి కాయ సరిగ్గా మాగదు.

మొదటి రెండు రోజులు రెండు కాయలు కూరకి తీయండి. పచ్చికాయలో నీరు పోగా మిగిలేది ఎక్కువగా పిండిపదార్థమే. అందులో చాలా భాగం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకి చేరి అక్కడి మంచి బ్యాక్టీరియాకి మేత అవుతుంది. ఉడికిస్తే ఆ గుణం తగ్గుతుంది, చల్లారాక కొంత తిరిగి వస్తుంది. చేతులకి నూనె రాసుకుని చెక్కు తీయండి, లేకపోతే జిగురు వదలదు, బట్టకి అంటితే మరక పోదు. ముక్కల్ని పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడవు. ఆవపెట్టి వండేటప్పుడు ఆవముద్ద పొయ్యి దించాక కలపాలి, మరిగితే చేదు.

పసుపు తిరిగినా కొసలు ఇంకా పచ్చగా ఉన్న దశ షుగర్ ఉన్నవాళ్లది. పండేకొద్దీ పిండి చక్కెరగా మారిపోతుంది కాబట్టి ఈ దశలో రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. సగం పండు, గుప్పెడు వేరుశెనగలతో, సాయంత్రం పూట. అన్నం తిన్న వెంటనే వద్దు. ఒక పిండిపదార్థం మీద ఇంకొకటి పడుతుంది.

పూర్తిగా పసుపెక్కిన పండు పిల్లలకీ, కాయకష్టం చేసేవాళ్లకీ. 100 గ్రాముల గుజ్జులో సుమారు 89 కేలరీలు, 23 గ్రాముల కార్బోహైడ్రేట్లు, 2.6 గ్రాముల పీచు, 358 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. బి6 విటమిన్ కూడా బాగానే దొరుకుతుంది. పొటాషియం అదనపు సోడియాన్ని మూత్రంలో బయటికి పంపుతుంది, బీపీకి మేలన్నది అందుకే. అయితే ఎండుచేప, ఊరగాయ తగ్గించకుండా రోజుకో పండు తింటే బీపీ దిగదు. రక్తం పడుతుందనీ, ఎముకలకి బలమనీ తినిపిస్తుంటారు గానీ ఇనుము పావు మిల్లీగ్రామే, కాల్షియం 5 మిల్లీగ్రాములే. వాటికి రాగులూ తోటకూరా చూసుకోవాలి.

చుక్కలు పడ్డ పండు మెత్తన, నమలలేని పెద్దలకి హాయి. ఒడియా వాళ్ల అటుకుల ఫలహారం చుడా చకటా చేయండి: కప్పు అటుకులు కడిగి వార్చి, చుక్కల పండు ఒకటి, అర కప్పు పెరుగు, చెంచా బెల్లం, కొబ్బరి కోరు వేసి చేత్తో మెదపాలి. కడిగాక పది నిమిషాలు ఆగకపోతే అటుకులు పంటికి గట్టిగా తగులుతాయి. పండే తీయగా ఉంటే బెల్లం మానేయండి.

కిడ్నీ జబ్బున్నవాళ్లకీ, పొటాషియం పెంచే కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకీ ఈ లెక్కలేవీ వర్తించవు. ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. రక్త పరీక్షలో పొటాషియం అంకె డాక్టరుకి చూపించి, ఎంత తినొచ్చో అడిగాకే ముట్టుకోవాలి. కూరకాయ ముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.