పెద్దవాళ్లను ఆసుపత్రి నుంచి ఆలస్యం లేకుండా ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

"ఇంక తీసుకెళ్లిపోవచ్చండి" అని డాక్టరు గారు చెప్పాక కూడా మా నాన్నగారు నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. తుంటి ఆపరేషన్ బాగానే అయింది, ఇల్లే సిద్ధంగా లేదు. మాది కోనసీమలో వరదకి భయపడి ఎత్తుగా కట్టుకున్న ఇల్లు. అరుగుకి అయిదు మెట్లు, మరుగుదొడ్డి దొడ్లో ఓ మూల. ఆ నాలుగు రోజుల్లో ఆయన కాళ్లు ఇంకా నీరసించాయి. వయసు మళ్లినవాళ్లు మంచం పట్టి ఉంటే కండ త్వరగా తగ్గిపోతుంది, వీపున పుళ్లు పడతాయి, కొందరు రాత్రిళ్లు తికమకపడి ఏదేదో మాట్లాడతారు.

అందుకే చేర్చిన మర్నాడే అడిగేయండి: "ఎన్నాళ్లు ఉంచుతారండీ? ఇంటికెళ్లేటప్పటికి సొంతంగా లేస్తారా, మనిషి పట్టుకోవాలా?" రెండో దానికి వచ్చే జవాబును బట్టే మిగతా పనులన్నీ.

తర్వాత రాత్రి మనిషిని తేల్చుకోండి. పగలు చూడటానికి చుట్టాలూ ఇరుగుపొరుగూ వస్తారు, రాత్రి రెండింటికి ఒంటేలుకి లేపేది ఎవరు? ఒకరు హైదరాబాదులో, ఒకరు గల్ఫ్‌లో ఉంటే ఫోన్లో "చూద్దాంలే" అనుకోవడంతోనే వారం గడిచిపోతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరి వంతో రాసుకోండి. ఎవరికీ కుదరకపోతే డబ్బులు వేసుకుని మనిషిని పెట్టుకోవడమే.

ఈలోగా ఇంట్లో ఒకరు పని మొదలుపెట్టాలి. కుంగిపోయే నవారు మంచం మీంచి లేవడం కష్టం, గట్టి మంచం వేయండి. రాత్రిళ్లు దొడ్లోకి నడిపించొద్దు. సర్జికల్ షాపులో కమోడ్ కుర్చీ, వాకర్ దొరుకుతాయి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లని పీట మీద కూర్చోబెట్టకండి. పూర్తిగా లేవలేనివాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఎలా తిప్పాలో, మూత్రం సంచి ఎలా ఖాళీ చేయాలో నర్సమ్మ చూపిస్తుంటే పక్కన నిలబడి చూడటం చాలదు, ఆవిడ ముందే మీ చేత్తో ఒకసారి చేయండి.

ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని ముందురోజే కలిసి, ఇంటికిచ్చే మందుల సంగతీ మళ్లీ చూపించుకునే తేదీ అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు పంపిన 3 గంటల్లో కంపెనీ తేల్చాలని 2024 నుంచి నిబంధన ఉంది. అది దాటి పెరిగిన ఖర్చు కంపెనీదే.

ఇక ముహూర్తం. మంగళవారమనీ అమావాస్యనీ ఆపేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాదించి లాభం లేదు, పట్టింపు ఉన్న పెద్దావిడకి డిశ్చార్జి తేదీ ముందే చెప్పి ఒప్పించుకోండి.

108 అత్యవసరానికి, ఇంటికి దింపే బండి మనమే మాట్లాడుకోవాలి. లంక ఊళ్లవాళ్లు పడవ వేళ కనుక్కుని వెలుగుండగానే రేవు దాటండి. మెట్లుంటే మనిషిని గట్టి కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు ఎత్తాలి.

ఇంటికి రాగానే పాత మందులూ కొత్త మందులూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు వేరైనా లోపలుండేది ఒకే బీపీ మందు కావచ్చు. అనుమానం వస్తే డిశ్చార్జి కాగితంతో ఊరి ఏఎన్ఎంనో డాక్టరునో అడగండి. జ్వరం, పిక్క వాపు, ఆయాసం కనిపిస్తే మాత్రం తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.